చెప్పని దెబ్బ

జూడో నేర్చుకొనేవారికి పట్లతో పాటు ఒక మర్యాద కూడా నేర్పుతారు. ప్రత్యర్థి పట్టులో చిక్కి, విడిపించుకోవడం ఇక తన వల్ల కాదని తెలిసినప్పుడు అరచేత్తో రెండుమూడు సార్లు తట్టాలి. నేల మీద తట్టవచ్చు, ప్రత్యర్థి ఒంటి మీదైనా తట్టవచ్చు. ఆ సైగ అందగానే అవతలివారు పట్టు వదిలిపెట్టాలి. తట్టినవారిని పిరికివారని ఎవరూ అనరు. కీలు తప్పకముందే ఓటమి ఒప్పుకొని, మర్నాడు మళ్లీ సాధనకు రావడమే తెలివి అని ఆ విద్య చెబుతుంది.

అమెరికాకు చెందిన రోండా రౌసీ ఈ మర్యాద తెలిసిన విద్యలో పెరిగిన స్త్రీ. ఆమెకు పెట్టింది పేరు ఆర్మ్‌బార్ అనే పట్టు. ప్రత్యర్థి చేతిని తన రెండు తొడల మధ్య ఇరికించుకొని, మణికట్టును రొమ్ముకు హత్తుకొని, నడుమును పైకి లేపితే అవతలివారి మోచేయి దాని సహజమైన వంపుకు ఎదురు తిరుగుతుంది. అప్పుడు తట్టడమో, కీలు పోగొట్టుకోవడమో తప్ప మూడో దారి దొరకడం కష్టం. 2011 నుంచి 2015 దాకా రోండా వరుసగా గెలిచిన 12 పోటీలలో 9 ఈ ఒక్క పట్టుతో గెలిచినవే. అయినా ఆమె క్రీడాజీవితంలో ఎక్కువ ఆలోచించవలసింది మోచేతి గురించి కాదు, తల గురించి. మోచేతి నొప్పికి తట్టడం ఉంది. తలకు తగిలిన దెబ్బకు అటువంటి సైగ ఏదీ లేదు. తిన్నవారే నోరు తెరిచి చెప్పాలి. రోండా ఏళ్ల తరబడి చెప్పలేదు. అటువంటి మౌనాన్ని ధైర్యమని మెచ్చుకోవడం క్రీడాలోకంలో చాలా కాలంగా ఉన్న పొరపాటు.

రోండాకు పేరు తెచ్చిన క్రీడను మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. మిశ్రమ యుద్ధవిద్య అని చెప్పుకోవచ్చు. బాక్సింగులోని పిడిగుద్దులు, కరాటేలోని తన్నులు, కుస్తీలోని ఎత్తివేతలు, జూడోలోని పట్లు ఇందులో అన్నీ చెల్లుతాయి. చుట్టూ తీగవల కట్టిన ఎనిమిది మూలల బరిలో ఇద్దరు తలపడతారు. ఒక్కొక్క రౌండుకు 5 నిమిషాలు. చాంపియన్ బెల్టు కోసం జరిగే పోటీకి 5 రౌండ్లు. ఈ క్రీడలో పెద్ద సంస్థ అయిన అల్టిమేట్ ఫైటింగ్ చాంపియన్‌షిప్ 1993లో పుట్టింది. పొడి అక్షరాలలో దానిని యూఎఫ్‌సీ అంటారు. పుట్టిన తరువాత దాదాపు 20 ఏళ్ల పాటు దాని బరిలోకి ఒక్క స్త్రీ కూడా దిగలేదు.

రోండా కథను ఆమె తల్లితో మొదలుపెట్టడం న్యాయం. తల్లి పేరు ఆన్ మరియా డి మార్స్. 1984లో ఆమె ప్రపంచ జూడో పోటీలలో బంగారు పతకం గెలుచుకొంది. మగవారిలో గాని, ఆడవారిలో గాని అంతకుముందు ఏ అమెరికన్‌కూ ఆ పతకం దక్కలేదు. అదే సంవత్సరం ఒలింపిక్ క్రీడలు ఆమె సొంత దేశంలో, లాస్ ఏంజెలిస్‌లో జరిగాయి. వాటిలో మగవారికి జూడో ఉంది, ఆడవారికి లేదు. ప్రపంచాన్ని గెలవగల స్త్రీకి తన దేశంలో జరిగే పోటీలో నిలబడేందుకు చోటు లేకపోయింది. ఒలింపిక్స్‌లో స్త్రీల జూడోకు పతకాలు ఇవ్వడం 1992లో మొదలైంది. బరువులెత్తే పోటీ స్త్రీలకు 2000లో వచ్చింది. వచ్చిన ఆ మొదటిసారే శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి కంచు పతకం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయింది. కుస్తీ 2004లో, బాక్సింగు 2012లో వచ్చాయి. ఈ సంవత్సరాలను వరుసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. బలం స్త్రీలలో కొత్తగా పుట్టలేదు. తలుపులే ఆలస్యంగా తెరుచుకొన్నాయి.

రోండా 1987 ఫిబ్రవరి 1న కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టింది. పుట్టేటప్పుడు బొడ్డుతాడు మెడకు చుట్టుకొంది. దాని ఫలితంగా ఆరేళ్ల వయసు దాకా ఆ పిల్ల మాట పరాయివారికి అర్థమయ్యేది కాదు. మాట నేర్పే చికిత్స దొరుకుతుందని ఆ కుటుంబం ఉత్తర డకోటా రాష్ట్రానికి తరలిపోయింది. ఎనిమిదేళ్ల వయసులో రోండా తండ్రిని పోగొట్టుకొంది. పదకొండో ఏట జూడో మొదలుపెట్టింది. మాట ఆలస్యంగా పట్టుబడ్డ పిల్లకు పట్లు త్వరగానే పట్టుబడ్డాయి.

గురువు తల్లే. ఆ తల్లి గారాబం చేసే గురువు కాదు. పొద్దున నిద్రలో ఉన్న కూతురి మీదికి దూకి చేయి పట్టి మెలిపెట్టేదట. నిద్రమత్తులో కూడా విడిపించుకోవడం రావాలని. ఒకసారి సాధనలో రోండా కాలివేలు విరిగింది. తల్లి ఊరడించలేదు. ఆ కాలితోనే చాప చుట్టూ పరుగు తీయించింది. నొప్పి ఉన్నా పోరాడగలనని కూతురికి తెలియాలన్నది ఆమె ఉద్దేశం. ఈ పాఠమే రోండాను చాంపియన్‌ను చేసిందని మెచ్చుకొన్నవారు చాలామంది. అందులో నిజం లేకపోలేదు. కాని కాలివేలికి చెల్లిన పాఠం అన్నింటికీ చెల్లదు. విరిగిన వేలు కొన్ని వారాలలో అతుక్కొంటుంది. నొప్పిని లెక్కచేయవద్దని నేర్చుకొన్న మనసు, ఏ నొప్పిని లెక్కచేయాలో ఎలా తెలుసుకొంటుంది? ఆ రెండో పాఠం ఆమెకు ఎవరూ చెప్పినట్లు కనబడదు.

2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జూడో క్రీడాకారులందరిలోకీ రోండా చిన్నది. అప్పటికి ఆమె వయసు 17. అక్కడ పతకం రాలేదు. 2007లో ప్రపంచ పోటీలలో వెండి, 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో కంచు గెలిచింది. ఒలింపిక్ జూడోలో పతకం తెచ్చిన మొదటి అమెరికన్ స్త్రీ ఆమే. తల్లికి తెరవని తలుపు కూతురికి తెరుచుకొంది. అయితే పతకం అన్నం పెట్టలేదు. ఇంటికి తిరిగి వచ్చిన ఒలింపిక్ విజేత మద్యశాలలో పానీయాలు అందించే పని చేసింది. ఇంటి అద్దెకు డబ్బు లేక కొన్నాళ్లు తన కారులోనే పడుకొంది. అమెరికా వంటి సంపన్న దేశంలో కూడా తక్కువ ఆదరణ ఉన్న క్రీడలో పతకం తెచ్చినవారి గతి ఇలా ఉండవచ్చునని చాలామందికి తెలియదు.

బతుకుదెరువు వెతుక్కొంటూ ఆమె మిశ్రమ యుద్ధవిద్యకు వచ్చింది. ఆ బరిలో ఆమె మొదటి స్త్రీ కాదు. 2009 ఆగస్టులో స్ట్రైక్‌ఫోర్స్ అనే మరో సంస్థ జీనా కరానో, క్రిస్ సైబోర్గ్‌ల పోటీని తన కార్యక్రమంలో ప్రధాన పోటీగా పెట్టింది. దారి వేసినవారు వారు. ఆ దారి వెంట వచ్చి రోండా 2012 మార్చిలో మీషా టేట్‌ను ఓడించి స్ట్రైక్‌ఫోర్స్ చాంపియన్ అయింది. ఆర్మ్‌బార్‌లో చిక్కిన టేట్ వెంటనే తట్టలేదు. తట్టేసరికి మోచేయి దెబ్బతిన్నది. యూఎఫ్‌సీ తలుపులు మాత్రం అప్పటికింకా మూసే ఉన్నాయి. స్త్రీలు మీ బరిలోకి ఎప్పుడు వస్తారని 2011లో ఒకరు అడిగితే, ఆ సంస్థ అధ్యక్షుడు డానా వైట్ ఎన్నటికీ రారని నవ్వుతూ చెప్పాడు. రెండేళ్లు తిరగకుండానే ఆయనే రోండాను పిలిచి చాంపియన్ బెల్టు అందించాడు. ఆయన మనసు మార్చినవి వాదనలు కావు. రోండా గెలుపులు, వాటిని చూడడానికి ఎగబడిన జనం.

2013 ఫిబ్రవరి 23న కాలిఫోర్నియాలోని అనాహైమ్ నగరంలో యూఎఫ్‌సీ చరిత్రలో మొట్టమొదటి స్త్రీల పోటీ జరిగింది. రోండా ఎదుట నిలిచింది లిజ్ కార్మూష్. ఆమె అమెరికా మెరైన్ దళంలో పనిచేసి వచ్చిన మనిషి. పోటీ మొదలైన కాసేపటికే కార్మూష్ వెనుక నుంచి రోండా వీపు మీదికి ఎక్కి, రెండు కాళ్లు నడుముకు పెనవేసి, ముంజేతితో దవడను బిగించి పక్కకు తిప్పసాగింది. రోండా నిలబడే ఉంది. వీపు మీద ఒక మనిషి బరువు, మెడ మీద మెలి. అక్కడ తట్టి ఉంటే స్త్రీల మొదటి చాంపియన్ మొదటి పోటీలోనే ఓడిపోయేది. ఆమె తట్టలేదు. ఆ చేతులను విడదీసి, కార్మూష్‌ను కిందికి జార్చి, తిరిగి మీదపడింది. తరువాత రౌండు ముగియడానికి ఇంకా 11 సెకన్లు ఉందనగా ఆర్మ్‌బార్ పడింది. కార్మూష్ తట్టింది. రోండా ఆడిన పోటీలన్నింటిలోకీ గొప్పది ఏదంటే దీనినే చెప్పాలి. తరువాతి గెలుపులలో చాలావరకు ఇంతకంటే వేగమైనవే కాని, ఓటమి అంచుదాకా వెళ్లి తిరిగి వచ్చిన గెలుపు ఇదొక్కటే.

తరువాతి గెలుపుల వేగం నిజంగానే నమ్మశక్యం కానిది. 2004 ఒలింపిక్స్‌లో కుస్తీలో వెండి పతకం గెలిచిన సారా మక్‌మన్ 66 సెకన్లలో ఓడింది. అలెక్సిస్ డేవిస్ 16 సెకన్లలో, క్యాట్ జింగానో 14 సెకన్లలో, బెథ్ కొరేయా 34 సెకన్లలో ఓడిపోయారు. టిక్కెట్టు కొని కూర్చున్నవారు కుర్చీలో సర్దుకొనేలోగా పోటీ అయిపోయేది. ఈ వేగానికి ఒక చెడ్డ ఫలితం కూడా ఉంది. ఆమెను ఎవరూ తాకలేరన్న భ్రమ జనంలో పెరిగింది. తాకితే ఏమవుతుందో ఆమె ఒక్కదానికే తెలుసు.

2015 నవంబరు 15న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 56,214 మంది చూస్తుండగా ఆమె హాలీ హోమ్‌తో తలపడింది. హోమ్ అంతకుముందు బాక్సింగులో ప్రపంచ చాంపియన్. ఆమె పట్టుకు అందకుండా దూరంగా తిరుగుతూ, మీదికి దూకి వచ్చిన ప్రతిసారీ పిడిగుద్దుతో ఆపింది. మొదటి రౌండులోనే రోండా కాళ్లు తడబడ్డాయి. రెండో రౌండులో ఒక నిమిషం పూర్తి కాకముందే హోమ్ ఎడమకాలు ఎత్తి మెడకూ తలకూ తగిలేలా తన్నింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడన్న సామెత అక్షరాలా జరిగినట్లయింది. రోండా స్పృహ తప్పి పడిపోయింది. ఏడాది తరువాత, 2016 డిసెంబరు 30న, బ్రెజిల్‌కు చెందిన అమాండా నూనెస్ ఆమెను 48 సెకన్లలో ఓడించింది.

నిన్నటిదాకా భుజాల మీద ఊరేగించిన జనమే ఆమె పడిపోయిన చిత్రాలతో హాస్యాలు అల్లారు. ఓడలు బండ్లయ్యాయి. ఆ ఓటమి తరువాత, చాంపియన్‌ను కాకపోతే ఇక తానెవరినన్న ప్రశ్న తనను కుంగదీసిందని ఆమె ఒక టెలివిజన్ కార్యక్రమంలో కన్నీళ్లతో చెప్పుకొంది. 2018లో యూఎఫ్‌సీ తన ప్రసిద్ధుల జాబితాలో ఆమెను చేర్చుకొంది. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమే. అదే సంవత్సరం ఆమె వినోదం కోసం జరిగే కుస్తీ ప్రదర్శనలలోకి వెళ్లింది. అప్పటికీ అసలు సంగతి బయటికి రాలేదు.

అది 2024లో వచ్చింది. ఆ సంవత్సరం వెలువడిన తన పుస్తకంలో, దాని గురించి ఇచ్చిన సంభాషణలలో రోండా చాలాకాలం దాచిన మాట చెప్పింది. జూడో ఆడే రోజులలోనే, అంటే పిడిగుద్దుల క్రీడకు రాకముందే, ఆమె తలకు ఎన్నోసార్లు దెబ్బలు తగిలాయి. తల అదరడం, చూపు మసకబారడం, ఆలోచన మందగించడం ఆమెకు కొత్త కాదు. వాటితోనే సాధన చేసింది, పోటీలకు దిగింది. పోనుపోను చిన్న దెబ్బకు కూడా అలా కాసాగింది. మెల్‌బోర్న్‌లో మొదటి గట్టి దెబ్బకే దూరాలు తెలియకుండా పోయాయి. అంతకుముందు ఆమె పోటీలను సెకన్లలో ముగించడానికి తొందరపడడం వెనుక ఉన్న కారణాలలో ఇదీ ఒకటి.

మెదడు పుర్రె లోపల ద్రవంలో ఉంటుంది. తల ఒక్కసారిగా అదిరినప్పుడు అది లోపల కదిలి దెబ్బతింటుంది. దిమ్మ తిరగడం, కళ్లు బైర్లు కమ్మడం అని తెలుగువారు అనేవి చాలాసార్లు దాని గుర్తులే. స్పృహ తప్పితేనే మెదడుకు దెబ్బ తగిలినట్లు కాదు. స్పృహలో ఉండి, నడుస్తూ, మాట్లాడుతూ ఉన్నవారికి కూడా తగిలి ఉండవచ్చు. రక్తం రాదు, వాపు కనబడదు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ప్రమాదం ఇంకా ఎక్కువ. తలకు కట్టే తొడుగు పుర్రెను కాపాడగలదు కాని లోపల మెదడు కదలకుండా ఆపలేదు. కబడ్డీలో తలలు ఢీకొని పిల్లలు నవ్వుతూ లేచి కూతకు వెళ్తారే, అక్కడ కూడా ఈ దెబ్బ తగిలి ఉండవచ్చు. ఇది కొత్తగా తెలిసినదేమీ కాదు. దెబ్బలు తిని తిని బాక్సర్లు తూలుతూ నడవడాన్ని గురించి హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ వైద్యుడు 1928లోనే రాశాడు. దాదాపు వందేళ్లుగా తెలిసిన విషయాన్ని కూడా దాచుకోవలసిన పరిస్థితి క్రీడాకారులకు ఎందుకు కలుగుతున్నదన్నదే ప్రశ్న.

రోండా మాటలు విని కొందరు పెదవి విరిచారు. ఓడిపోయిన ఎనిమిదేళ్లకు సాకు చెబుతున్నదన్నారు. ఈ మాట నిలవదు. హోమ్ ఆ రాత్రి ఎంతో బాగా ఆడింది. ఆమె గెలుపు ఆమెదే. రోండా తల దెబ్బల సంగతి నిజమైనా ఆ గెలుపుకు వచ్చిన లోటు లేదు. ఓటమికి కారణం చెప్పడం వేరు, ఓటమిని కాదనడం వేరు. అదీగాక, సాకు అంటారనే భయం వల్లనే కదా ఆమె అన్నేళ్లు నోరు మూసుకొంది. ఆ మాట అన్నవారు తెలియకుండానే ఆమె భయం నిజమని రుజువు చేశారు.

ఆడవాళ్లకు ఇవేం ఆటలు, ఇందుకే వద్దన్నది అనేవారు మరికొందరు. వీరి వాదం పైకి దయగా కనబడుతుంది. దెబ్బతినే మెదడు మగవాడికి లేదా? మార్ట్‌లాండ్ రాసింది మగ బాక్సర్ల గురించే. ప్రమాదం ఉన్నమాట నిజమైతే అది బరిలోకి దిగే ప్రతి ఒక్కరికీ ఉంది. దానికి మందు సగం మందిని గడప దాటనీయకపోవడం ఎలా అవుతుంది? అసలు తలుపు కష్టపడి తెరిపించుకొన్నవారు దెబ్బ గురించి చెప్పడానికి మరింత సంకోచిస్తారు. నొప్పి అన్న మరుక్షణం ‘చూశారా, మేము చెప్పలేదా’ అనేవారు కాచుకొని ఉంటారు. తన వెనుక రాబోయే స్త్రీలందరి తరఫునా నిలబడ్డానని అనుకొన్న మనిషికి ఆ మౌనం మరీ బరువు.

నిబంధనలు లేవని కాదు. స్పృహ తప్పి ఓడినవారిని కొంతకాలం పోటీలకు రానివ్వరు. వైద్యుడు సరేనన్న తరువాతే అనుమతిస్తారు. అయితే ఆ లెక్క నలుగురూ చూసిన దెబ్బకే. సాధనశాలలో తగిలినది, చెప్పకుండా మింగినది ఏ పుస్తకంలోనూ చేరదు. చెబితే పోటీ పోతుంది, పోటీ పోతే కూలి పోతుంది. కారులో నిద్రపోయిన మనిషికి అది చిన్న మాట కాదు. అందువల్ల క్రీడాకారుల నిజాయితీ మీదే భారం వేసి ఊరుకోవడం సరికాదు. సాధనశాలలో కూడా తల అదిరినవారిని పక్కన కూర్చోబెట్టే అధికారం, పోటీ లాభంతో సంబంధం లేని వైద్యుడికి ఉండాలి. ఆ కాలానికి వారి జీవనం గడిచే ఏర్పాటు ఉండాలి. గురువులు మరొకటి నేర్పాలి: కాలివేలి నొప్పి ఓర్చుకోదగినది, తల తిరగడం వెంటనే చెప్పదగినది. రోండా తల్లి వంటి గురువుకు ఈ రెండింటి తేడా తెలిసి ఉంటే కూతురు బలహీనురాలయ్యేది కాదు. బహుశా ఇంకొన్నేళ్లు ఆడి ఉండేది.

రోండా తెరిపించిన తలుపు గుండా ఇప్పుడు చాలా దేశాల స్త్రీలు వెళ్తున్నారు. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా బుఢానాకు చెందిన పూజా తోమర్ వారిలో ఒకరు. చైనా యుద్ధవిద్య అయిన వూషూ నుంచి ఆమె ఈ క్రీడకు వచ్చింది. 2024 జూన్ 8న అమెరికాలోని లూయీవిల్ నగరంలో గెలిచి, యూఎఫ్‌సీలో గెలుపు అందుకొన్న మొదటి భారత మహిళగా నిలిచింది. 2025 మార్చిలో లండన్‌లో ఐర్లండ్‌కు చెందిన షానా బానన్ రెండో రౌండులో ఆమెను ఆర్మ్‌బార్‌లో బిగించింది. పూజ తట్టింది. రిఫరీ ఇద్దరినీ విడదీశాడు.